కోరుట్లల నేను ఎబిస్టరమ్మనైన ముచ్చట

“అమ్మమ్మా, నిన్న లగ్గంల గా ముసలాయినె నిన్ను ఎబిస్టరమ్మా అని పిలిచిండు. గదేం పేరే? నీ పేరు లచ్చవ్వ గదా?”

ఓ పిల్లా, గా ముచ్చట అడుగుతున్నవా! మీ అమ్మ నా కడుపుల పుట్టి, నా ముందట పెరిగి, ఇప్పుడు తనకే తల నెరుస్తున్నది గని, ఒక్కనాడు అడుగలే. ఎబిస్టరమ్మ అంటె పోచమ్మ, మైసమ్మ లెక్క ఏదో దేవత పేరనుకున్నదో ఏమో. ఇటు జరుగు. ఫోన్ల రికార్డు వెట్టినవా? పెట్టు పెట్టు, నాకేం సిగ్గు.

గది ఇంగిలీసోళ్ళ ఇంటిపేరు బిడ్డ. నవ్వుతున్నవేందే? నీ మీద ఒట్టు. విలాయతోళ్ళ ఇంటిపేరు. అసలు పలుకుడు వెబ్బు... వెబ్బిస్ట... నువ్వే అను సక్కగ. ఆ, వెబ్‌స్టర్. గదే. గా పేరు కోరుట్లల మా గల్లిదాక ఎట్ల అచ్చిందంటె, తెలంగాణ లొల్లిల అచ్చింది. నువ్వు సూసిన లొల్లి గాదు. దానికంటె ముందటిది, అరవై తొమ్మిదిది. అప్పటికి నా లగ్గమై మూడేండ్లు... గాదు గాదు, మీ పెద్దమామ ఇంక పుట్టలే గద, రెండేండ్లే అనుకో.

నేను పుట్టింది సిరిసిల్ల. మా నాయినకు అందరం ఆడివిల్లలమే. కొడుకు లేడు, మగ్గమేమో ఇంట్ల ఉన్నది. మరి దారాన్ని అటిటు కొంచవోయే నాడె ఎవ్వలు ఇసరాలె? పెద్దదాన్నని నన్ను గుంతల కూసోవెట్టిండు. అప్పటియి గుంత మగ్గాలు, భూమిల గుంత తవ్వి అండ్ల కాళ్ళు వెట్టి నేసేటియి. మొదట్ల నా కాళ్ళు కిందికి అందకపోయేటియి. నేసుడంటె ఏమనుకున్నవ్? చెయ్యొకటి జేస్తది, కాలొకటి జేస్తది, కన్ను దారం మీద ఉంటది, నోరు మాత్రం పక్కింటోళ్ళతోని ముచ్చట వెడుతది. గా టక్క టక్క సప్పుడు ఇనుకుంట కూసుంటె నాకు ఆకలి గూడ యాదికి రాకపోయేది. ఇప్పుడు సిరిసిల్ల పోతె అన్ని కరెంటు మగ్గాలు, సాంచెలే. చెవులు గడెలు వడుతయ్.

ఇగ లగ్గం జేసి కోరుట్లకు ఇచ్చిండ్రు. మా అత్తగారింట్ల ఆచారం వేరే. అందరిండ్లల్ల అని నేనన, మా ఇంట్ల. ఆడోళ్ళు నాడెల వెట్టే దారం కండెలు చుట్టాలె, దారానికి గంజి వెట్టాలె, మగోళ్ళకు చాయలు వొయ్యాలె. మగ్గం గుంతల మాత్రం కాలు వెట్టద్దు. వెడితె ఏమైతది అంటె ఎవ్వలు చెప్పరు. వెట్టద్దంటె వెట్టద్దు, గంతే. నేను రోజు గోడకు కూసోని కండెలు చుట్టుకుంట, మీ తాత నేస్తుంటె సూస్తుంటి. అంచు కాడ ఆయిన చెయ్యి జర వదులు. చెప్పాలనిపిచ్చేది. చెప్పితె ఊకుంటరా? నోరు మూసుకునుడే.

మా మామ మంచోడు. మస్తు మంచోడు. గని మంచోళ్ళకు పట్టుదల ఎక్కువుంటది సూడు, గట్ల. ఆయినెకు ఒక పిచ్చి ఉండె. గడపల మనిషి కనవడితె సాలు, “ఏ ఊరు? ఇంటిపేరేంది?” ఇంటిపేరు చెప్తె మూడు మాటలల్ల చుట్టరికం తీస్తుండె. బీర్పూర్ దిక్కుకెళ్లి చింతపండు అమ్మచ్చినామె గూడ, తిరిగి పోయేటాల్లకు ఆయినెకు మరదలయ్యేది! ప్రతి ఇంటిపేరుకు ఒక కత ఉంటదనేటోడు. “మనం పెగడపల్లోళ్ళం ఎందుకైనం? మన తాతలు పెగడపల్లి ఇడిసిపెట్టి అచ్చిండ్రు గనుక. మీ నాయినోళ్ళు మేకలోళ్ళు ఎందుకైండ్రు కోడలా?” అని నన్నడిగేది. నాకేం ఎర్క? ఏ ముత్తాతో తప్పిపోయిన మేక ఎన్క ఊర్లువట్టుకోని ఉరికిండేమో అంటె, కడుపువట్టుకోని నవ్వేటోడు.

ఒక్కటే లోటు ఆయినెకు. తోడవుట్టిన చెల్లె లేదు. మన దిక్కు ఆడబిడ్డ లేని ఇల్లు ఇల్లే గాదంటరు గద. లగ్గమైనా పండుగైనా ఆడబిడ్డ చెయ్యాల్సిన కార్యం అచ్చినప్పుడల్ల పక్కింటామెను బతిలాడి పిలుసుకునుడే. గప్పుడు మా మామ ముఖం చిన్నగయ్యేది. ఎవ్వలతోని అనకపోయేటోడు గని, నేను సూసేదాన్ని.

ఆ, లొల్లి సంగతి. బళ్ళు బందు, బస్సులు బందు. బస్సంటె యాదికచ్చింది, అప్పుడు జగిత్యాలకు టికెట్టు రూపాయి లోపటనే. గది గూడ ఎక్కువైందని మా అత్త కండక్టరుతోని కొట్లాడేది. సరే. పోరగాండ్లంత రోడ్డు మీదనే. మా మరిది రాజేశం, అదే మీ చిన్నతాత, వాళ్ళకు లీడరు. నేతల దారం తెంపుడు తప్ప ఏం రాదు గని, నినాదాలియ్యమంటె గొంతు మెట్‌పల్లిదాక ఇనవడేది. మీ తాత గూడ పోయిండు. రోడ్డుకు అడ్డం ఎడ్లబండి వెడుదమని లాగవోయి, గా బండి మీదికెళ్లే కిందవడి కుడిచెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. సచ్చేదాక “గిది ఉద్యమంల ఇరిగిన చెయ్యి” అనే చెప్పుకున్నడు. అబద్ధమేం గాదు గద!

ఇగ నవ్వులాట అక్కడిదాకనే. మగ్గం ఆగింది. మగ్గం మీద ఎర్రంచు చీరె సగంల ఉన్నది. గది పక్క గల్లి పిల్ల పెండ్లిచీరె. లగ్గం నెత్తి మీదికచ్చె. పిల్ల తల్లి పొద్దున మాపున అచ్చి గడపల నిలవడుతది, “ఏమాయె పెద్దయ్యా?” అని. మా మామకు కండ్లల పొర కమ్మింది, దారం కనవడది. రాజేశం సంగతి చెప్పితి. మాట ఇచ్చి తప్పుతున్ననని మా మామ అన్నం సరిగ తింటలేడు. నాకేమో రాత్రంత కలల అదే చీరె. గోడ పక్కకు నేనున్న, చెయ్యి బాగున్నది, కాలు బాగున్నది, పని అచ్చు. ఒకనాడు ధైర్యం జేసి, తలుపు ఎన్కకెళ్లి అన్న, “మామా, నేను నేస్త, మా నాయిన నేర్పిచ్చిండు” అని.

ఏమన్నడెర్కేనా? తిట్టలే. “వద్దు కోడలా, ఆడది గుంతల కూసుంటె నలుగురు నవ్వుతరు. ఈ ఇంట్ల మగోళ్ళు సచ్చిండ్రా అంటరు” అన్నడు. తిట్టినా మంచిగుండు. గంత మెల్లగ అన్నడు సూడు, నాకు ఏడుపచ్చింది. పొయ్యి కాడ కూసోని ఏడ్సిన. పొగ అనుకున్నరు అందరు.

గా తెల్లారో, ఎల్లుండో, రోడ్డు మీద లొల్లి లొల్లి ఇనవడ్డది. మా ఇల్లు రోడ్డుకే గద. కిటికిలకెళ్లి సూస్తె ఒక జీపు. జగిత్యాల దిక్కుకెళ్లి అచ్చింది. అండ్ల ఒక తెల్లామె, దవఖాన నర్సమ్మ. కథలాపూర్ దిక్కు పిల్లలకు టీకాలెయ్యవోతున్నది. మొద్దులు అడ్డం ఏసి మనోళ్ళు ఆపిండ్రు. ఊరికె ఒక్కమాట అడిగి ఇడిసిపెడుతుండ్రేమో గని, ఆమె నోరు తెరిసింది. “నమస్కారమండీ, కొంచెం దారి ఇస్తారా? మేము వెళ్ళాలండీ” అన్నది.

ఇగ సూడు! పాపం ఆమె తెలుగు నేర్సుకున్నది కాకినాడ దిక్కు. అండీ అంటది, వెళ్ళాలి అంటది. మా పోరగాండ్లు ఒకని ముఖం ఒకడు సూసుకున్నరు. “ఆంధ్రామె రా!” అన్నడు రాజేశం.

జీపు నడిపేటాయిన ఖాసీం భాయ్ అని, జగిత్యాలాయినె. కిందికి దిగి నెత్తి కొట్టుకుంటున్నడు. “అరె బాబా, మేడం విలాయత్ వాలీ! ముఖం సూడుండ్రి, ముఖం!” అని.

“గంత తెల్లగ ఆంధ్రోళ్ళు ఎట్లుంటరు రా?” అని ఒకడంటె, ఇంకో పోరడు, బక్కపలుచటోడు, “గోదారి నీళ్ళు తాగుతరు గద, తెల్లగనే ఉంటరు” అన్నడు. “గోదారి మనకాడికెళ్లే పోతది గద, మరి మనమెందుకు నల్లగున్నం?” “మనల తాగనిస్తే గదరా, నీళ్ళన్నీ ఆళ్ళే కొంచవోయిరి!” గిట్ల ఎండల నిలవడి తకరారు. ఆఖరికి రాజేశం తీర్పు జెప్పిండు, “ఇంటిపేరు అడుగుదాం. ఇంటిపేరు చెప్తె మా నాయిన ఊరు పట్టుకుంటడు.”

“ఇంటిపేరు వెబ్‌స్టర్ అండీ” అన్నదామె. ఎవ్వలకు సమజ్ గాలే. ఇగ తీస్కచ్చి మా మామ ముందట కూసోవెట్టిండ్రు. ఆమె గూడ ఏం భయపడలే. మంచినీళ్ళు అడిగింది. మీ తాత చెయ్యి సూసింది. గుడ్డుసొన పట్టి ఏసి ఉన్నదానికి. “అయ్యో ఇలా కాదండీ” అని, మగ్గం కాడి వెదురుబద్దలు అడిగి, మల్ల సక్కగ కట్టు కట్టింది. మీ తాత కేకలకు జీపు కాడికెళ్లి ఖాసీం భాయ్ ఉరికచ్చిండు.

చెయ్యి కట్టుడైనంక మా మామ గొంతు సవరిచ్చుకోని షురువు జేసిండు. “గా మీ ఇంటిపేరుకు మతలబు ఏంది అమ్మా? ఊరు పేరా?”

“కాదండీ, పని పేరు. మా దేశంలో పాతకాలంలో చేసే పనిని బట్టి ఇంటిపేర్లు వచ్చాయి. కమ్మరివాళ్ళు స్మిత్, బట్టలు కుట్టేవాళ్ళు టైలర్. అలా మాది నేత.”

మా మామ మంచం మీదికెళ్లి లేసి నిలవడ్డడు. “నేతనా! మనోళ్ళే! ఓ రాజేశం, ఆంధ్రా గీంధ్రా ఏం లేదురా, పద్మశాలి రా! గోత్రమేందమ్మా?” అన్నడు. గోత్రమంటె ఆమెకేం ఎర్క? నవ్వింది. ఇగ మా మామ ఆగుతడా? “నీ పెద్దోళ్ళు నేసిండ్రు, నా పెద్దోళ్ళు నేసిండ్రు. వయసుల నాకంటె చిన్నదానివి. నువ్వు నాకు చెల్లెవు” అని వరుస తీసిండు. ఆమె “సంతోషం అన్నయ్యగారూ” అన్నది. మా మామ కండ్లు, పొర కమ్మిన కండ్లే, మెరిసినయ్ బిడ్డ. ఇన్నేండ్లకు ఆయినెకు చెల్లె దొరికింది.

మా అత్త ముఖం సూడాలె అప్పుడు. గా వయసుల కొత్తగ ఆడబిడ్డ అచ్చె! మూతి తిప్పుకుంటనే బొట్టు వెట్టింది, జాకెట్ గుడ్డ పెట్టింది. ఒడిబియ్యం వొయ్యబోతుంటె ఆమె “నాకు పెళ్ళి కాలేదండీ” అన్నది. మా మామ ఎంటనే, “జగిత్యాలల మనోళ్ళ సంబంధం ఒకటున్నది చెల్లె, పిలగాడు జర ఏజుబారే” అని షురువు జేసిండు. ఖాసీం భాయ్ బైటికి పోయి నవ్విండు.

తర్వాత మా మామ అన్నడు, “చెల్లె, ఆడబిడ్డ ఇంటికచ్చి ఉత్తచేతులతోని పోవద్దు. మన ఆచారం. ఏం గావాల్నో అడుగు, కాదనద్దు మేము.”

ఆమె మగ్గం దిక్కు సూసింది, సగం చీరె దిక్కు సూసింది. అప్పుడన్నది... నేను తలుపు ఎన్కనే ఉన్న, ఒక్కొక్క మాట ఇప్పటికి చెవులల్ల ఉన్నది. “అన్నయ్యగారూ, మా పేరుకు ఉత్తగా నేత అని కాదు అర్థం. నేత నేసే ఆడమనిషి అని. మొదట ఆడవాళ్ళ పేరే అది, తర్వాత మగవాళ్ళకీ వచ్చింది. మా ఇంట్లో పేరు మిగిలింది కానీ పని ఎప్పుడో పోయింది. మా అమ్మకి రాదు, అమ్మమ్మకి రాదు. ఆడమనిషి మగ్గం మీద నేస్తుంటే ఒక్కసారి చూడాలని ఉంది. చూపిస్తారా?”

ఇన్నవా పిల్లా! ఆడోళ్ళ పేరా! మగోళ్ళు గూడ ఆడోళ్ళ పనిపేరు వెట్టుకోని తిరుగుతున్నరా! ఎంత దూరందో ఆ దేశం, బిడ్డకు మగ్గం నేర్పిన మా నాయినసొంటోళ్ళు అక్కడ గూడ ఉన్నరు గద అనుకున్న.

మా మామ ఇరుకుల వడ్డడు. ఇస్తనన్నడు, ఆడబిడ్డ అడిగింది. ఇస్తె ఆచారం పాయె, ఇయ్యకపోతె మాట పాయె. గడ్డం గోక్కుంటున్నడు. పోరగాండ్లంత గడపల మూగిండ్రు.

అప్పుడు మా అత్త లేసింది. నన్ను కండె జర వదులైతె చాలు ఎండగట్టే మా అత్త! కొంగు నడుముకు చెక్కింది. “ఏందయ్యా గుడ్లు మిటకరిస్తవ్? చెల్లె అన్నవ్. అడుగుమన్నవ్. ఆమె అడిగింది. ఆడబిడ్డ మాట తీసేసి ఇంటికి ఏడుపు తెస్తవా?” అన్నది. నా దిక్కు తిరిగి, “కోడలా, సూస్తవేంది? దిగు గుంతల” అన్నది.

దిగిన. నాడె చేతుల వట్టుకున్న. రెండేండ్లాయె పట్టుకోక. మొదటిసారి ఇసిరితె సగంల ఆగింది, ఎవడో కిసుక్కున నవ్విండు. రెండోసారి సక్కగ పోయింది. ఇగ మూడోసారికి నా చెయ్యికి అదే యాదికచ్చింది. టక్క, టక్క. ఎవ్వలున్నరో మర్సిపోయిన. ఎంతసేపు నేసిన్నో తెలువది. తలెత్తి సూస్తె ఆ తెల్లామె కండ్లల్ల నీళ్ళు. మా మామ కండ్లు మూసుకోని సప్పుడు ఇంటున్నడు. కండ్లు కనవడవు గద ఆయినెకు, చెవితోనే పట్టుకున్నడు. “అంచు కాడ పోరని కంటె గట్టిగ పడుతున్నది” అన్నడు. పక్కన చెయ్యి కట్టుకోని మీ తాత! ఆయిన ముఖం చూసి నేనే తల వంచుకున్న. మగనికి జర ఇది ఉంటది గద.

పోయేటప్పుడు ఆమె నా చేతులు రెండు వట్టుకున్నది. “ఈ పేరు నాకంటే మీకే నప్పుతుందమ్మా, మీరు ఉంచుకోండి” అన్నది. జీపు కాడ పోరగాండ్లు మల్ల అడ్డం నిలవడ్డరు, జై తెలంగాణ అంటెనే పోనిస్తమని. ఆమె కిటికిలకెళ్లి తల బైట వెట్టి, “జై తెలంగాణ అండీ!” అన్నది. ఆ అండీకి రోడ్డంత నవ్వింది. మొద్దులు వాళ్ళే జరిపిండ్రు.

ఆ మాపటికి ఇంకో ముచ్చటున్నది, ఎవ్వలతోని అనలే నేను ఇన్నేండ్లు. అందరు బైటికి పోయినంక మా అత్త మెల్లగ అచ్చి మగ్గం కాడ నిలవడ్డది. “ఇన్నేండ్ల సంది కండెలు చుడుతున్న. గా నాడె ఒక్కసారి ఇసరాలని నాకుండదానే?” అన్నది. జరిగి చోటిచ్చిన. కూసోని ఇసిరింది. నాడె ఎగిరి పొయ్యిల బూడిదల వడ్డది! ఇద్దరం నవ్వినం, నవ్వినం, నవ్వుకుంట ఆమె ఏడ్సింది. గా రోజుకెళ్లి నన్ను ఒక్కమాట అనలే మా అత్త.

చీరె అయింది. పిల్ల తల్లి అచ్చి, “అంచు ఎంత మంచిగున్నదో, ఎవ్వలు నేసిండ్రు?” అన్నది. కోడలు నేసిందని చెప్పుడానికి మా మామకు ఇంక నోరు రాలే. “ఎబిస్టర్ నేసింది” అన్నడు! ఆమె ఏదో విలాయతి మిషిని అనుకోని, కోరుట్లంత చెప్పుకుంట తిరిగింది, మా బిడ్డది విలాయతి నేత చీరె అని. ఇగ సూడు, మాకు గూడ విలాయతి నేత గావాలె అని అచ్చుడు షురువైండ్రు. రాజేశం ఎక్కిరిస్తానికి ఎబిస్టరమ్మా అన్నడు, గల్లి అన్నది, ఊరన్నది. ఎక్కిరింత పోయింది, పేరు నిలవడ్డది. మా మామ సచ్చిపోయే ముందట గూడ, “ఎబిస్టరమ్మను పిలువుండ్రి, మగ్గం సప్పుడు ఇనవడుతలేదేంది” అన్నడు. ఉండు... జర నీళ్ళియ్యి.

ఆ తెల్లామె మల్ల రాలే. జగిత్యాలకెళ్లి బదిలైంది అన్నరు. యాడున్నదో, ఉన్నదో లేదో. ఉంటె నా కంటె పెద్దది.

నీ లగ్గం గూడ దగ్గరికచ్చె. ఇంటిపేరు మార్చుకోవాల్నా వద్దా అని మీ అమ్మతోని కొట్లాడుతున్నవట గద. నన్నడుగకు. మేకలోళ్ళ బిడ్డగ పుట్టిన, పెగడపల్లోళ్ళ కోడలుగ అచ్చిన. రెండు మంచియే, రెండు ఇంకొకరు ఇచ్చినయే. మూడోది మాత్రం గుంతల దిగి తెచ్చుకున్న. ఆధార్ కార్డుల లేదు గది. ఉంచుకుంటవా, మార్చుకుంటవా, నీ ఇష్టం బిడ్డ, రెండిట్ల తప్పు లేదు.

నిన్న పిలిచిన ముసలాయినె ఎవ్వలనుకున్నవ్? గోదారి నీళ్ళు తాగితె తెల్లగైతరు అన్న గా బక్కపోరడే! పండ్లు లెవ్వు, చెవులు ఇనవడవు, నా అసలు పేరు గూడ యాదికి లేదు ఆయినెకు. గని దూరంకెళ్లి సూసి, నా పని పేరుతోని పిలిచిండు. నిన్ను గూడ గట్లనే పిలువాలె బిడ్డ. ముసల్దానివైనంక, ఎవ్వలదో లగ్గంల, గంతమంది నడుమ, నీ పని పేరుతోని ఒకరు కేకెయ్యాలె. గంతే నేను కోరేది. సల్లగుండు. పిల్లా జెల్లతోని సల్లగుండు... ఇగ గా ఫోను బందు వెట్టు, పొయ్యి మీద పాలు పొంగుతున్నయో ఏమో సూడుపో.